అడ్డగీత కింద రెండు చుక్కలు

ప్రొద్దుటూరులో మూతపడిన పత్తి మిల్లు పక్కనుంచే నేను మూడేళ్ళు కాలేజీకి నడిచాను. అప్పట్లో దాని గోడ నిండా సినిమా పోస్టర్లు, లోపల ఆవరణ నిండా కంపచెట్లు. ఇప్పుడు ఆ మిల్లు మేడకు సున్నం కొట్టి, నేల నున్నగా చేసి, పైకప్పుకు వరసగా దీపాలు బిగించి గ్యాలరీ అని పేరు పెట్టారు. బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళు చూసి పెరిగిన మాకు, నాలుగు తెల్లగోడల మధ్య బేరమాడే గొంతు ఒక్కటీ వినిపించని గది మా ఊళ్ళో ఉండడమే వింత. మొదటిసారిగా అక్కడ రెండు ప్రదర్శనలు ఒకేరోజు మొదలవుతున్నాయని నాగభూషణం సారు ఫోను చేశాడు. ఆయన నాకు హైస్కూల్లో డ్రాయింగు చెప్పాడు. రిటైరయ్యాక ఆ గ్యాలరీ చూసుకుంటున్నాడు. కింద హాల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వేసినవి, మేడ మీద నగరం నుంచి వచ్చిన ఒక చిత్రకారుడివి పెడుతున్నారట. ప్రారంభం ఆదివారం, జనం ఎక్కువుంటారు, పాపను ఎత్తుకుని రావాలంటే శుక్రవారమే వచ్చి చూసుకుని పొమ్మన్నాడు.

నేను గ్యాసు కట్టేసి, గడప దాటి, మళ్ళీ వెనక్కి వెళ్ళి గ్యాసు ముట్టుకుని చూసే మనిషిని. పాపకు మూడున్నరేళ్ళు. దానికి కాస్త ఆయాసం ఉంది. ఎక్కడికి పోయినా నా సంచిలో మందు పీల్చే గొట్టం, కాచి చల్లార్చిన నీళ్ళు, రెండు జతల బట్టలు ఉంటాయి. మిల్లు మేడ మెట్లు చెక్కవి. వాటి సందుల్లోంచి కింది నేల కనబడుతుంది. పాపను చంకనేసుకుని ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కి, పైకి చేరాక ఊపిరి పీల్చుకుని తలెత్తితే, ఎదురుగోడ మీద మా జేజి చేతిరాత ఉంది.

చేతిరాత అంటున్నాను గాని మా జేజికి, మా నాయన తల్లికి, అక్షరాలు రావు. గోడ మీద ఉన్నది నిలువెత్తు కాన్వాసు. తెల్లటి నేపథ్యం మీద ఎర్రటి అడ్డగీత, దాని కింద రెండు చుక్కలు, చుక్కల పక్కన కొడవలిలా తిరిగిన చిన్న వంకీ. గది చుట్టూ అలాంటివే మరో పదమూడు కాన్వాసులు. ఒకదాని మీద జంట గీతలు, ఒకదాని మీద సగం సున్నా, ఒకదాని మీద కోడికాలు. ఆ రంగులు డబ్బాల్లో కొన్న కొత్త రంగులని తెలుసు. అయినా నా ముక్కుకు ఆముదం వాసన తగిలింది. తడిసిన బొచ్చు వాసన, పాలుతాగే పిల్లల మూతుల వాసన తగిలాయి. కింద అతికించిన అట్ట మీద ఇలా ఉంది: ‘మంద. కాపరుల అజ్ఞాత జానపద చిహ్నాల ఆధారంగా.’ ఆ కింద చిత్రకారుడి పేరు. నేను అట్టను రెండుసార్లు చదివాను. పాప గోడవైపు వేలు చూపించి ‘చుక్కలు’ అంది. అవును, చుక్కలే. ఆ రెండు చుక్కల వల్ల ఒకప్పుడు మా ఇంటి మీద దొంగతనం పడింది. ఆ పక్కనున్న వంకీ, ఈ భూమ్మీద ఇంకెవరిదీ కాదు, నాది.

జమ్మలమడుగు దాటి పెన్న ఒడ్డున మా ఊరు. గోడలకూ కప్పుకూ నేలకూ అన్నిటికీ నల్లబండలే ఉన్న ఇల్లు మాది. ఎండాకాలం పగలు చల్లగా, పొద్దుగూకితే పొయ్యిలా ఉండేది. ఇంటికి ముందు మేము, వెనక జీవాలు. మా వైపు గొర్రెలనూ మేకలనూ కలిపి జీవాలనే అంటారు. తెల్లవారుజామున నన్ను నిద్రలేపేది అమ్మ కాదు, గంప కింద మూసిన గొర్రెపిల్లల అరుపులు. మా నాయన తల్లి సుంకమ్మ, మా జేజి, లేవగానే మనుషుల ముఖాలు చూసేది కాదు. నేరుగా దొడ్లోకి పోయి ఒక్కో జీవం ముక్కు తడిగా ఉందో లేదో వేలితో తాకి చూసేది. ఆ తర్వాతే ముఖం కడుక్కోవడం, వక్కాకు నోట్లో వేసుకోవడం. సంగటిలోకి చెనక్కాయల ఊరిమిండి నంజుకుని తినేటప్పుడు కూడా నిలబడే తినేది. కూర్చోమంటే, కూచుంటే కాళ్ళకు అలవాటైపోతాది అనేది. నేను ఈ పొద్దు పాప నుదురు తాకి, మెడ తాకి, మళ్ళీ నుదురు తాకి చూస్తుంటే మా ఆయన నవ్వుతాడు. ఎక్కడిది నీకీ చాదస్తం అంటాడు. ఎక్కడిదో నాకు తెలుసు. జేజి వేలికి అది పని. నా వేలికి వచ్చేసరికి భయమైంది, అంతే తేడా.

శనగ పంట కోసేశాక రాజుపాలెం వైపు నల్లరేగడి రైతులు తమ చేలల్లో మంద కట్టమని కబురు పెట్టేవాళ్ళు. మంద కట్టడమంటే రాత్రిళ్ళు జీవాలను చేలో నిలపడం. ఆ ఎరువు చేనుకు. బదులుగా రైతు జొన్నలు, శనగలు ఇస్తాడు. ఒక్క ఇంటి జీవాలు చాలవు కాబట్టి ఊళ్ళో పద్నాలుగిళ్ళవాళ్ళూ తమవి కలిపి ఒకే మందగా తోలుకుపోయేవాళ్ళు. కలపడానికి ముందురోజు గుర్తులు వేయాలి. ఆ పని పద్నాలుగిళ్ళకూ మా జేజే చేసేది. జాజును, అంటే ఎర్రమట్టిని, బండ మీద మెత్తగా నూరి ఆముదంలో కలిపితే వానకు కూడా పోదు. నల్ల జీవాలకు సున్నం. తంగేడు పుల్ల చివర నల్ల ఉన్ని చుట్టి దారంతో బిగించి కట్టిన కుంచె ఆమెది. ఎవరి ఇంటి గుర్తు ఎవరిదో కాగితం మీద ఎక్కడా లేదు. ఆమె తలలో ఉండేది. జీవాన్ని రెండు మోకాళ్ళ మధ్య బిగించి, నడుము మీద ఒక్క లాగుతో గీత లాగేది. రెండోసారి దిద్దడం నేనెప్పుడూ చూడలేదు. పని అయ్యాక ఇంటికొకరు దోసెడు గింజలు తెచ్చి మా అరుగు మీద పోసేవాళ్ళు. ఎవరు ఎంత పోశారని జేజి తిరిగి చూసేది కాదు.

నాకు ఏడేళ్ళప్పుడు ఆ గుర్తుల రోజున జేజి ఆముదం అయిపోయిందని లోపలికి పోయింది. పక్కింటి ఓబుళమ్మ జీవాలు అప్పుడే గుర్తు వేయించుకుని దొడ్లో ఒక మూల నిలబడి ఉన్నాయి. ఓబుళమ్మ వాళ్ళ గుర్తు ఉత్త అడ్డగీత. మా ఇంటి గుర్తు అడ్డగీత, కింద రెండు చుక్కలు. చుక్కలు లేని ఆ గీత నాకు కళ్ళు పెట్టని ముఖంలా కనిపించింది. పాపం అనిపించింది. నిజంగా పాపమనే అనిపించింది. కుంచె ముట్టుకుంటే జేజి కొడుతుందని, చిప్పలో మిగిలిన జాజులో చూపుడువేలు ముంచి, దొరికిన జీవానికల్లా రెండేసి చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పద్దెనిమిదింటికి పెట్టాను. జేజి వచ్చేసరికి వేలు పావడాకు తుడుచుకుని, చిప్ప పక్కన బుద్ధిగా కూర్చున్నాను.

మరునాడు మందను కలిపి తోలారు. మొదటి మజిలీ ఊరి దాపునే, పెన్న ఇసుకలో. పొద్దు వాలే వేళకు గొర్రెపిల్లలకు పాలివ్వడానికి తల్లులను ఇంటింటికీ విడదీయాలి. ఏ ఇంటి గొర్రెపిల్లలు ఆ ఇంటి తడికల దడిలో ఉంటాయి. తల్లులను మాత్రం గుర్తు చూసి వేరు చేస్తారు. ఆ సాయంత్రం ఓబుళమ్మ లెక్కకు పద్దెనిమిది తక్కువ వచ్చాయి, మాకు పద్దెనిమిది ఎక్కువ వచ్చాయి. మామూలుగా అయితే ముఖాలు చూసి తెలుసుకునేవాళ్ళు. కానీ ఓబుళమ్మ తన జీవాలను ఆ వారమే పులివెందుల వైపు నుంచి కొత్తగా తోలుకొచ్చింది. వాటి ముఖాలు ఆమెకే ఇంకా తెలియవు. ఆమె చెయ్యి నడుముకు పెట్టుకుని ఇసుకలో నిలబడి అన్న మాట ఊరంతా విన్నది. పద్నాలుగిళ్ళ గుర్తులూ ఒక్క ఆడమనిషి చేతిలో పెడితే ఇట్లే ఉంటాదని, రంగు కలిపే చేతికి రెండు చుక్కలు ఎక్కువ పెట్టడం ఎంతసేపని. మా నాయన మీదికి పోబోయాడు. జేజి కొంగు అడ్డం పెట్టి ఆపింది.

ఆమె వంగి ఒక జీవం నడుము మీది చుక్కలను చూసింది. కుంచె పెట్టిన చుక్క అంచు చెదిరి ఉంటుంది, వేలు పెట్టిన చుక్క నున్నగా ఉంటుంది. తర్వాత నావైపు చూసింది. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. పావడా మీద ఎర్రటి గీతలు దాగలేదు. ఆ క్షణం ఆమె నన్ను కాపాడటానికి ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. పిల్లలను కాపాడటమంటే అప్పటి నా లెక్కలో అదే.

“పెట్టింది నా మనమరాలు. నేర్పింది నేను. మాట నన్ననండి,” అంది జేజి. తర్వాత ఓబుళమ్మవైపు తిరిగి, “ఇవి నీయి ఓబుళమ్మా, తోలుకపో అంటే, మంచివి యెత్తి పెట్టుకోని బక్కవి ఇచ్చినానంటావు. నన్ను నమ్మొద్దులే. రెండు దడులూ తియ్యండి. పిల్లల్ని వదిలితే యా తల్లి యా పిల్ల కాడికి పోతాదో అందురూ సూద్దురు గానీ.”

దడులు తీశారు. నేను ఆ సాయంత్రాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో లెక్కలేదు. నలభై యాభై గొర్రెపిల్లలు ఒక్కసారిగా అరుచుకుంటూ ఇసుకలో పడి పరుగెత్తాయి. తల్లులు తలలెత్తి, ముక్కులు ఆడించి, గుర్తుల సంగతి వాటికేమీ పట్టనట్టు తమవాటిని వాసన చూసి వెతుక్కున్నాయి. తనది కాని పిల్ల పొదుగు దగ్గరికి వస్తే కాలితో తన్నాయి. తనదైతే మోకాళ్ళు కాస్త వంచి నిలబడ్డాయి. కొంచెంసేపటికి అరుపులన్నీ ఆగి, పాలు తాగే చప్పుడు ఒక్కటే మిగిలింది. నా చుక్కలు మోస్తున్న పద్దెనిమిదిలో పదిహేను ఓబుళమ్మ పిల్లల దగ్గర నిలబడి ఉన్నాయి. పిల్లలు లేని గొర్రెలు మూడు మిగిలాయి. జేజి వాటిని కూడా ఓబుళమ్మ వైపు తోలింది. లెక్క సరిపోయినా ఆ మూడింట్లో ఒకటి మారిపోయి మనది పోయిందని మా నాయన చాలాకాలం అంటూనే ఉండేవాడు. జేజికి తెలియకుండా ఉంటుందా? ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఓబుళమ్మ కూడా క్షమించమని అడగలేదు. మరుసటి ఏడు గుర్తులు వేయించుకోవడానికి అందరికంటే ముందు తన జీవాలను తోలుకొచ్చింది, అంతే.

నన్ను జేజి కొట్టలేదు. రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు దొడ్లోకి పిలిచి, అప్పుడే పుట్టిన ఆడ గొర్రెపిల్లను నా ఒడిలో పెట్టింది. ఇది నీది అంది. మొదటిసారి కుంచె నా చేతికి ఇచ్చింది. ముందు మన ఇంటి గుర్తు వెయ్యమంది. వేశాను. గీత వంకరపోయింది. ఇప్పుడు పక్కన నీ గుర్తు పెట్టుకో అంది. నా గుర్తు అంటూ ఏమీ లేదు. చాలాసేపు ఆలోచించి చిన్న వంకీ తిప్పాను. జేజి దాన్ని చూసి, ఊళ్ళో ఇట్లాంటిది ఎవరికీ లేదు, బాగుండాది అంది. ఆ మీదట అన్న మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

“ఇంగొకరి జీవం మీద నీ చెయ్యి పెట్టొద్దు. నీ దాని మీద ఇంగొకర్ని పెట్టనియ్యొద్దు. రెండూ తప్పే పిల్లా.”

ఆ గొర్రెపిల్ల పెరిగి ఈనింది. దాని సంతానానికంతటికీ ఇంటి గుర్తు పక్కన నా వంకీ వేస్తూ వచ్చింది జేజి. నేను హైస్కూలుకని ప్రొద్దుటూరు హాస్టలుకు వచ్చాను, కాలేజీకి పోయాను, పెళ్ళి చేసుకున్నాను. ఎప్పుడు ఊరికి పోయినా దొడ్లో నా వంకీ మోస్తూ పదో పన్నెండో జీవాలు ఉండేవి. మనుషులకు ఊళ్ళో ఇల్లుంటుంది, పొలముంటుంది. నాకు ఆ వంకీ ఉండేది. జేజి పోయిన ఏడాదే నాయన జీవాలను అమ్మేశాడు. కాసేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళు కూడా ఇప్పుడు డబ్బా రంగు తెచ్చి జీవాల మీద ఫోను నంబర్లు రాస్తున్నారు. అది తప్పని అనను. నంబరు పని నంబరు చేస్తుంది. జేజి కుంచె మాత్రం మా అత్త, అంటే నాయన చెల్లెలు లచ్చుమమ్మ, ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి నాకిచ్చింది. అది పాప స్వెట్టర్ల కింద బీరువాలో ఉంది. ఉన్ని గట్టిపడిపోయింది. ఆముదం వాసన పోలేదు.

శుక్రవారం ఇంటికి రాగానే అత్తకు ఫోను చేశాను. గోడ మీద చూసినవి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. “కెమెరా యేసుకోని వచ్చిన్యాడు సూడు, ఆ పిలగాడు,” అంది. జేజి పోయే ముందు ఏడు వచ్చాడట. మూడు దినాలు ఊళ్ళో ఉన్నాడట. జేజి మజ్జిగ పోసి, సంగటి పెట్టి, ఒక్కో ఇంటికీ తీసుకుపోయి ఇది ఫలానావాళ్ళది, ఇది ఫలానావాళ్ళది అని చూపించిందట. మంచి పిల్లోడు, పెద్దమ్మా పెద్దమ్మా అని తిరిగినాడు అంది అత్త. పేర్లు అడిగాడా అని నేను అడిగాను. “అడగకేమి? అందురి పేర్లూ బుక్కులో రాసుకున్యాడు.” ఫోను పెట్టేశాను. అంతవరకు నా కోపం తెలియక జరిగిన పొరపాటు మీద. ఇప్పుడు అది వేరే చోటికి పోయింది.

శనివారం పాపను ఎత్తుకుని మళ్ళీ మిల్లు మెట్లెక్కాను. చిత్రకారుడు అక్కడే ఉన్నాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద ఉంటాడు. నెమ్మదస్తుడు. నేను ఊరిపేరు చెప్పగానే ముఖం వికసించింది. నా ఫిర్యాదు మధ్యలో ఆపకుండా విన్నాడు. ఆ తర్వాత, “జానపదం ఒకరి సొత్తు కాదు కదండీ,” అన్నాడు. “అది సామూహికం. పేర్లు పెడితే ఆ గుర్తులు చిన్నవైపోతాయి. పేరు లేకపోవడమే వాటి అందం.” మాటలు బాగున్నాయి. మరి మీ పేరు ఎందుకుంది అని అడగాలని నాకు ఇంటికొచ్చి పాపకు అన్నం పెడుతుండగా తట్టింది. అక్కడైతే అతని మాట ముగియగానే పాప నీళ్ళు అడిగింది. ఇచ్చాను. మెట్లు దిగి వచ్చేశాను. నాగభూషణం సారు గేటు దాకా వచ్చి, ఆ పిల్లోడు చెడ్డోడు గాదమ్మా, రేపు పెద్దోళ్ళు వస్తాండారు, ప్రారంభం అయిపోనీ, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. తర్వాత అంటే ఎప్పుడో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మా ఆయన చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చాక విషయం చెప్పాను. ఆయన నా మీద కోప్పడే మనిషి కాదు. బూట్ల లేసులు విప్పుకుంటూ అడిగాడు, ఆ మేడ ఎవరిదో తెలుసా అని. తెలుసు. మేము పాప పేరు రాయించి కబురు కోసం చూస్తున్న బడికి ఆ మేడ యజమానే కరస్పాండెంటు. ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం, మాట చెల్లే ఇల్లు. చిన్న తరగతుల్లో ఇరవై ఐదుమందికి మించి తీసుకోరు. ఇంటికి దగ్గర. పాపకు ఆయాసం వస్తే ఐదు నిమిషాల్లో పరుగెత్తుకుంటూ పోవచ్చు. ఆ ఒక్క కారణానికే నేను ఆ బడి కావాలని నాలుగు నెలలుగా ఆరాటపడుతున్నాను. “గొర్రెకు ఏసిన రంగు కోసం బిడ్డ బడి పోగొట్టుకుంటావా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఇల్లు తుడిచాను, బియ్యం ఏరాను, బీరువా సర్దాను. స్వెట్టర్ల కింద కుంచె చేతికి తగిలింది. ఆ ఇసుకలో జేజి ముందు కూడా పద్నాలుగిళ్ళు ఉన్నాయి. నన్ను దాచిపెట్టి తాను బతికిపోవచ్చు. రంగు చెదిరిందనో, ఎండకు కరిగిందనో అనవచ్చు. అనలేదు. రేపు పాప పెద్దదై, ఆ వంకీ నీదేనంటనే, అప్పుడేం చేశావమ్మా అని అడిగితే, నీ బడి కోసం ఊరుకున్నానని చెప్పాలి. దాని నెత్తిన ఆ బరువు పెట్టలేను. అత్తకు మళ్ళీ ఫోను చేశాను. ఆదివారం పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కగలరా అని అడిగాను. ఎంతమంది అని అడిగింది ఆమె.

ఐదుమంది వచ్చారు. అత్త, ముగ్గురు ముసలివాళ్ళు, చేతికర్రతో ఓబుళమ్మ. బస్టాండులో దిగీ దిగగానే ఓబుళమ్మ నా గడ్డం పట్టుకుని, “చుక్కల పిల్లవు నువ్వేనా మే? ఇంత బక్కగైతివే,” అంది. మిల్లు దగ్గర షామియానా, కుర్చీలు, రిబ్బను. కరస్పాండెంటు గారు రిబ్బను కత్తిరించారు, దీపం వెలిగించారు, మన ప్రాంతానికి కళ అవసరమని మాట్లాడారు. మేము వెనక వరసలో కూర్చున్నాం. ఆ తర్వాత అందరితోపాటు మెట్లెక్కాం. ఓబుళమ్మను నేను ఒకవైపు, అత్త ఒకవైపు పట్టుకున్నాం. పాపను మా ఆయన ఎత్తుకున్నాడు. ఆయన వస్తాడనుకోలేదు. షిఫ్టు మార్చుకున్నానని మాత్రం అన్నాడు.

నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మెట్ల పైకి చేరి ఒకసారి చుట్టూ చూసుకుని వాళ్ళు పనిలోకి దిగారు. దొడ్లో జీవాలను చూసే చూపే అది. “ఇది పెద్దింటోళ్ళది.” “ఇది బావికాడోళ్ళది, ఆయప్ప సచ్చిపాయె.” “కోడికాలు మీది గదా లచ్చుమీ?” “మాది గాదు, మా అత్తగారింటిది.” ఒకరు తప్పు చెబితే ఇంకొకరు దిద్దారు. ఇద్దరు ఒక సగం సున్నా దగ్గర వాదులాడుకుని, అది రెండిళ్ళు విడిపోకముందు గుర్తని తేల్చుకున్నారు. ముందువరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మాటలు ఆపి వినసాగారు. ఉత్త అడ్డగీత ఉన్న కాన్వాసు ముందు ఓబుళమ్మ ఆగింది. కర్ర చివర దానివైపు ఎత్తింది. తాకించలేదు.

“ఇది నాది. ఈ తడవ యెవురూ చుక్కలు పెట్టలా,” అంది. మా ఊరివాళ్ళు నవ్వారు. మిగతావాళ్ళకు ఎందుకో అర్థం కాలేదు.

కరస్పాండెంటు గారు నావైపు తిరిగి, ఏంది తల్లీ గొడవ అని అడిగారు. పాప బడి, దాని గేటు, ఆ గేటుకు మా ఇంటినుంచి ఎన్ని అడుగులో, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకు వచ్చాయి. “గొడవ గాదు సార్, మంద విడదీస్తాండాం,” అన్నాను.

అప్పటికి ఓబుళమ్మ ఎదురుగోడ దగ్గరికి చేరింది. చిత్రకారుడు చేతులు కట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని కిందినుంచి పైకి చూసింది.

“నువ్వే గదా నాయనా, మా ఊరికి వచ్చింది?”

“అవునమ్మా.”

“ఎండన పడి వస్తే నీకు మజ్జిగ పోసింది యెవురు?”

“సుంకమ్మ గారు,” అన్నాడు.

“మల్ల పేరు తెల్దని యేసినావంట?”

అతని ముఖం ఎర్రబడింది. కట్టుకున్న చేతులు విప్పి, తన అట్టవైపు చూశాడు. అత్త నా భుజం మీద చెయ్యి వేసి, ఆ పెద్ద కాన్వాసు చూపించి, అందరికీ వినబడేట్టు అంది: “గీతా, చుక్కలూ మా యమ్మవి. ఆ వంకీ మాత్రం ఇంటిది గాదు. అది ఈ పిల్లది. ఈమెకు ఏడేండ్లప్పుడు పెట్టుకునింది.”

నా సంచిలో మందుగొట్టం పక్కన జేజి కుంచె ఉంది. తెచ్చుకున్నాను, దేనికో నాకే తెలియకుండా. ఆ అట్ట మీద ఒక్క ఎర్రగీత లాగేయాలని చెయ్యి దురద పెట్టింది. తీయలేదు. కాన్వాసూ అట్టా అతనివి. ఇంకొకరి జీవం మీద చెయ్యి పెట్టొద్దు. సంచిలోంచి పాప బొమ్మలు గీసే పుస్తకం తీసి, పేజీలు చించి, చీటీలు చేశాను. వాళ్ళు చెబుతుంటే ఒక్కో గుర్తుకు ఒక్కో పేరు రాశాను. పద్నాలుగు. ఆఖరిదాని మీద ‘సుంకమ్మ, ఆమె మనవరాలు’ అని రాసి నా పూర్తి పేరు రాశాను. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో. గోడకు దేనితో అతికించాలా అని చూస్తుంటే నాగభూషణం సారు ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి, జేబులోంచి గుండుసూదుల డబ్బా తీసి నా చేతిలో పెట్టి పోయాడు.

సోమవారం పోయి చూస్తే చీటీలు లేవు. ఎవరు తీశారని అడగలేదు. కొత్తవి రాసుకుని పోయాను, గుచ్చి వచ్చాను. మంగళవారం పదకొండు పోయి మూడు ఉన్నాయి. పదకొండూ మళ్ళీ రాశాను. ఈ రోజు, బుధవారం, ఆ తెల్లగోడల గదిలో నలుగురు కాలేజీ పిల్లలు చీటీలు చదువుకుంటూ తిరుగుతున్నారు. ఒకమ్మాయి మా ఊళ్ళోనూ ఇట్లాంటివి ఉండేవి, మా అవ్వను అడుగుతానంది. చిత్రకారుడు కనబడలేదు. బడినుంచి ఇంకా ఏ కబురూ లేదు. ఫోను మోగినప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరుగెత్తుతున్నాను. అప్పట్లో జీవం నడుము మీద ఒక్క గీత చాలు, పద్నాలుగిళ్ళు దాన్ని మన్నించేవి. ఇప్పుడు పేరుంటేగాని మనిషి ఉన్నట్టు కాదు. సరే, అలాగే కానివ్వండి, పేర్లే రాస్తాను.

పాప నిద్రపోయింది. దాని ఊపిరి సాఫీగానే ఉంది. మూడుసార్లు చూశాను. రేపటి చీటీలు పక్కన పెట్టుకున్నాను. సాయంత్రం నేను రాస్తుంటే పాప పక్కన కూర్చుని ఒకదాని మీద తన ఎర్ర పెన్సిలుతో ఏదో గీసింది. మా ఇంటి గుర్తూ కాదు, నా వంకీ కాదు. ఏమిటే ఇది అంటే, నాది అంది. ఆ చీటీని విడిగా తీసి దాచాను. అది ఎవరి గోడ మీదికీ పోదు. మిగతా పద్నాలుగూ పోతాయి. ప్రదర్శన ఇంకా పన్నెండు రోజులుంది. బొమ్మల పుస్తకంలో పేజీలు ఇంకా చాలా ఉన్నాయి.